పానకాలరావు గొంతు

సువర్చల భర్త గొంతు దాచుకున్న కంప్యూటర్ ఈ ఉదయం నుంచి కొత్తిమీర వాసన వేస్తోంది. మాట్లాడటం మానేసింది.

పానకాలరావు పోయి ఇంకా నెల తిరగలేదు. ఆయన "సువర్చలా" అని పిలిచిన పిలుపు ఆ పెట్టెలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. రోజుకొక్కసారి అది వింటే చాలు ఆమెకు, ఇంకేమీ అక్కర్లేదు. కంప్యూటర్‌ను చంటిబిడ్డలా ఎత్తుకుని ఖాజా దగ్గరికి వెళుతుంది. మంగళగిరిలో మిక్సీలనూ కంప్యూటర్లనూ ఒకే బల్ల మీద బాగుచేసేది అతనొక్కడే.

ఖాజా మూత విప్పి బిస్కెట్టంత ప్రాసెసర్‌ను బయటికి తీస్తాడు. పాపం లెక్కలు చేసీ చేసీ అలిసిపోయిందని, ఇక ఆలోచించడం దాని వల్ల కాదని చెబుతాడు. ఇంట్లో కూరలు తరిగే ప్రాసెసర్‌లో వేసి తిప్పమంటాడు.

"అది వంటకి కదా బాబూ."

"రెండూ ప్రాసెసర్లేనమ్మా. ఒకటి అంకెల్ని నూరుద్ది, ఒకటి ఉల్లిపాయల్ని. దేంట్లో వేసినా, వేసింది వేసినట్టు రాదు."

అందులో తప్పు పట్టడానికి ఆమెకేమీ కనిపించదు. ఇంటికొచ్చి తిప్పుతుంది. బ్లేడు ఇరుక్కుంటే అలవాటు చొప్పున చెంచాడు నీళ్లు పోస్తుంది. మూత తీసేసరికి జారు నిండా పానకాలరావు గొంతు, మెత్తగా, ఇంకా వెచ్చగా ఉంది.

గట్టు మీద ఇరుగుపొరుగువాళ్ల గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఆ పదిరోజులూ వాళ్లు అన్నం, చారు పంపిన గిన్నెలు. ఎవరి గిన్నెనూ ఖాళీగా తిప్పి పంపిన ఇల్లు కాదు ఆమెది. ఏడుస్తూనే, ఏం చేస్తున్నానన్న ఆలోచనైనా లేకుండా, తలా ఇంత వేసి అందరికీ ఇచ్చి వస్తుంది. వచ్చి చూసుకుంటే జారు అడుగు కనిపిస్తోంది.

భోజనాల వేళ వీధి వీధంతా పానకాలరావు గొంతుతో మాట్లాడుతుంది. ఎదురింటాయన మజ్జిగ అడుగుతాడు. పక్కింటి పిన్నిగారు కోడల్ని కేకలేస్తుంది. ఆ గొంతుతో ఎవరి మనుషుల్ని వాళ్లు పిలుచుకుంటున్నారు. సువర్చలను పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు. చేతులారా పంచేశానని ఆమె గుమ్మంలో కూలబడి కుమిలి కుమిలి ఏడుస్తుంది.

చివరికి లేచి, జారులో నీళ్లు పోసి కడిగి, ఆ కడుగునీళ్లు తాగేస్తుంది. ఆమె నోరు తెరుచుకుంటుంది.

"సువర్చలా," అంటుంది అందులోంచి ఆయన గొంతు. "ఎక్కడున్నావే?"

ఇక్కడే ఉన్నానని చెప్పడానికి ఆమె తన గొంతు కోసం తడుముకుంటుంది. అది లేదు. ఆయన ఆమె చెప్పులు తొడుక్కుని, ఆమె కాళ్లతోనే గుమ్మం దాటి, మా ఆవిడ ఇటొచ్చిందా అని గడప గడపా అడుగుతూ పోతాడు. ప్రతి ఇంట్లోంచీ ఆయన గొంతే, రాలేదని జవాబు చెబుతుంది.