పసుపు కడిగిన ముఖం

మల్లెలు కట్టడానికి పేచ్చియమ్మాళ్‌కు కళ్ళతో పనిలేదు, వేళ్ళకే చూపుంది. కానీ నిలక్కోట్టై పూల అంగడిలో ఆమె కట్టిన మూరల్లో ఈ మధ్య వాడిన మొగ్గలు కలుస్తున్నాయి. కొనేవాళ్ళు మర్నాడు పక్క బుట్ట దగ్గరికి వెళ్ళారు. షుగరు కళ్ళలోకి దిగిందనీ, లోపలి నాళాలు ఎక్కడ కారుతున్నాయో తెలిస్తే మిగిలిన చూపు నిలబెట్టవచ్చనీ మదురైలో కంటి డాక్టరమ్మ చెప్పింది. అందుకు చేతి నరంలోకి రంగుమందు ఎక్కించి ఫొటోలు తియ్యాలి.

ఆ శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి, ముఖానికీ మెడకీ దట్టంగా పసుపు రాసుకుని, మొగుడు సుడలైముత్తుతో బస్సెక్కి మదురై ఆస్పత్రికి వచ్చింది.

నర్సు సెల్వరాణి చూసి నవ్వింది. "మందు పడితే ఒళ్ళు పచ్చబడుతుంది పెద్దమ్మా అని చెప్పబోయాను. మీరు ముందే తయారై వచ్చేశారే!"

"నన్నేమనుకున్నావు పిల్లా?"

"రేపటిదాకా మూత్రం కూడా పచ్చగా వస్తుంది, కంగారు పడొద్దు. కొందరికి కాసేపు వికారంగా ఉంటుంది. ఎక్కడో ఒకరికి మాత్రం అసలు పడదు, దద్దుర్లు లేస్తాయి, ఊపిరాడదు. అందుకే విరుగుడు మందులు పక్కన పెట్టుకునే మొదలుపెడతాం. మీకు పడనిదేమైనా ఉందా?"

"రొయ్యలు తింటే ఒళ్ళు దురద."

సెల్వరాణి లోపలికెళ్ళి డాక్టరమ్మను అడిగి వచ్చింది. "చేద్దామన్నారు. నేను మీ పక్కనే ఉంటాను. కానీ దద్దురు లేస్తే నాకు కనబడాలి. ఈ పసుపు కడుక్కోండి."

పేచ్చియమ్మాళ్ కొంగు మెడచుట్టూ లాక్కుంది. "శుక్రవారం పూట, మొగుడు ఎదురుగా ఉండగా పసుపు కడుక్కోవాలా? పదవయ్యా ఇంటికి. పోతే పోనీ చూపు."

నాన్న పోయిన రోజున అమ్మ ముఖాన పసుపు కడుగుతుంటే చెంబుతో నీళ్ళు పోసింది తనే. అప్పుడామెకు ఊహ తెలిసీ తెలియని వయసు. ఆ సంగతి సుడలైముత్తుకు తెలుసు. అతను భుజం మీది తువ్వాలు కుళాయి కింద తడిపి తెచ్చాడు.

"ఆ రోజు కడిగింది ఊరి ఆడవాళ్ళు. ఇవాళ కడిగేది నేను. నిక్షేపంగా ఉన్న మొగుడు కడిగితే అపశకునమేంటే?"

"మాటలకేం తక్కువ లేదు."

"ఇన్నేళ్ళూ దీని కింద ఏం దాచావో నేనూ చూడొద్దూ?"

ఆమె కళ్ళు మూసుకుంది. బుట్టలో మొగ్గల మీద నీళ్ళు చిలకరించే చెయ్యి అతనిది, ఒత్తడం తెలియదు. దవడ కింద ఆగింది.

"ఈ పుట్టుమచ్చ ఎప్పటిదే?"

"పుట్టినప్పటిది. ఇన్నాళ్ళకి కనబడిందా?"

సెల్వరాణి అటు తిరిగి ట్రే సర్దుకుంది.

యంత్రానికి గడ్డం ఆనించి కూర్చుంది పేచ్చియమ్మాళ్. మందు చేతిలో చల్లగా పాకింది. కంట్లో మెరుపు మీద మెరుపు. కడుపులో తిప్పింది, తగ్గింది. ఫొటోలు చివరికొచ్చేసరికి మెడ దగ్గర దురద మొదలైంది. ఆమె చెయ్యి ఎత్తేలోపే సెల్వరాణి, "మేడమ్, దద్దుర్లు!" అని పిలిచింది. పుట్టుమచ్చ పక్కన ఎర్రగా రెండు లేచాయి. వెంటనే సూది పడింది. బీపీ చూశారు, ఊపిరి ఎలా ఉందని మళ్ళీ మళ్ళీ అడిగారు. గుమ్మం బయట సుడలైముత్తు పచ్చబడిన తువ్వాలు పిండుతూనే ఉన్నాడు, అందులో నీళ్ళెప్పుడో అయిపోయినా.

దురద తగ్గింది. అయినా మధ్యాహ్నం దాకా పడుకోబెట్టారు.

"కారుతున్న చోట్లు దొరికాయి," అంది డాక్టరమ్మ. "లేజరు పెడదాం. పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు, ఉన్నది కాపాడుకుందాం. ఇకమీదట ఏ ఆస్పత్రిలోనైనా ఈ రంగుమందు పడదని ముందే చెప్పండి."

బయట ఎండలోకి వచ్చాక పేచ్చియమ్మాళ్ తన గోళ్ళు కళ్ళ దగ్గరికి తెచ్చి చూసుకుంది.

"ఎలా ఉన్నానయ్యా?"

"మెడదాకా రాసుకుని వచ్చావు. వీళ్ళు అరికాళ్ళదాకా రాసి పంపారు."

ఆమె నవ్వి, అతని మోచెయ్యి పట్టుకుంది. నాలుగడుగులు వేశాక మెల్లగా అడిగింది.

"ఆ మచ్చ?"

"కనబడుతోందే," అన్నాడు.