పదకొండో నంబరు గది

మామిడి సీజను అయిపోయి గుజ్జు ఫ్యాక్టరీ మూతపడేసరికి, అందులో పనిచేసే చిత్తూరు ఆడవాళ్లు తలా ఒక దారి వెతుక్కున్నారు. అమలకు తిరుచానూరులో పని దొరికింది. అమ్మవారి గుడికి రెండు వీధుల అవతల ఉన్న లాడ్జిలో గదులు శుభ్రం చేయాలి. మేనేజరు సంపత్‌కుమార్ నిలువు నామం పెట్టుకున్న పెద్దమనిషి. ఆమె పేరు విని, మెడలోని సిలువ వైపు ఒకసారి చూసి, "మూలలు కూడా చిమ్ముతావా, వదిలేస్తావా?" అని మాత్రం అడిగాడు.

"మూలల్నించే మొదలుపెడతాను సార్" అంది అమల. పని ఖాయమైంది.

పని నేర్పింది ఆనందమ్మ. యాభై దాటిన మనిషి, ఆరేళ్లుగా అక్కడే ఉంది. "గుండు కొట్టించుకోని వచ్చినోళ్ల రూములో నీళ్లు పోయే కంత నిండా ఎంటికలే ఉంటాయి, ముందు అవి తియ్యి. గంధం అంటిన దిండు గలీబులు విడిగా నానబెట్టు. ఎవురన్నా ఉంగరమో ఫోనో మరిచిపోతే ఆ నిమిషమే కిందికి తీసకపో, కొంగులో పెట్టుకోని తిరగొద్దు." అన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గించింది. "తలుపు తట్టినాక తరవాత రమ్మంటే సరేనని వచ్చెయ్యొద్దు. మొగం సూసినాకనే రా."

ఎందుకో చెప్పలేదు.

మొదటి వారం నడుము విరిగినట్టుండేది. యాసిడ్‌కు వేళ్ల చివర్లు పొట్టు లేచాయి. రెండో వారం ఆనందమ్మ పై అంతస్తు మొత్తం ఆమెకు అప్పగించింది. తను మాత్రం ఆ మెట్లెక్కేది కాదు. మోకాళ్ల నొప్పులనేది.

ఆ శుక్రవారం పదింటికి అమల పదకొండో నంబరు తలుపు తట్టింది. "అమ్మా, రూము క్లీనింగు."

"తరవాత రామ్మా."

ఆడగొంతు. మెత్తగా, ఏ తొందరా లేకుండా ఉంది. ఆనందమ్మ చెప్పింది గుర్తుంది గానీ, లోపలామె చీర మార్చుకుంటోందేమోనని మొహమాటపడి పక్క గదికి వెళ్లింది. పదకొండున్నరకు మళ్లీ తట్టింది. అదే మాట. పన్నెండున్నరకు మూడోసారి విన్నప్పుడు ఆమెకు ఒళ్లు ఝల్లుమంది. ఒకే మాటను మూడుసార్లు అనాల్సివస్తే ఏ మనిషైనా కాస్త విసుక్కుంటుంది. ఈ గొంతు వెంట్రుకవాసి కూడా మారలేదు.

కిందికి దిగి, "పదకొండులో ఉండే అమ్మ తలుపు తియ్యడంలేదు సార్" అంది.

సంపత్‌కుమార్ పెన్ను పక్కన పెట్టాడు. "ఆ రూములో ఎవరూ లేరు. పొద్దున ఐదుకే ఖాళీ చేసి కొండకు పోయినారు. తాళంచెవి ఇదో, నా దగ్గరే ఉండాది."

ఇద్దరూ పైకి వెళ్లి, తలుపులోనే బిగించి ఉన్న తాళం తీశారు. నలిగిన దుప్పట్లు, రాలిన మల్లెలు. అమల బాత్రూము తలుపు వెనక కూడా చూసింది. ఎవరూ లేరు.

"ఎండకు తల తిరిగుంటుంది. మజ్జిగ తాగు" అని తాళంచెవి ఆమె చేతిలో పెట్టి సంపత్‌కుమార్ దిగిపోయాడు. ఏం వినిపించిందని అడగలేదు. ఆయన అడగకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. తలుపుకు తాళం వేసి, పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్న ఆనందమ్మ దగ్గరికి పరుగెత్తింది.

విషయం వినగానే ఆనందమ్మ చేతిలోని దుప్పటి నేల మీద పడింది. "ఏమనింది?"

"తరవాత రామ్మా అనింది, అక్కా."

ఆనందమ్మ తొట్టి గట్టు మీద కూలబడింది. ఏడుస్తుందనుకుంది అమల. ఆమె ఏడవలేదు, గుండెల నిండా గాలి పీల్చుకుంది. "నీకూ ఇనిపించిందా? మూడేండ్లుగా నాకు మతి పోయిందనుకుంటాండాను మే."

మూడేళ్ల కిందట, అమ్మవారి బ్రహ్మోత్సవాల చివరి రోజైన పంచమి తీర్థం నాడు, ఒకామె ఒంటరిగా వచ్చింది. ఒక్కరే వస్తే గది ఇవ్వరు. వెనక బస్సులో మావాళ్లు వస్తున్నారని చెప్పి పదకొండో నంబరు తీసుకుంది. ఎవరూ రాలేదు.

"నేను తట్టినా. తరవాత రామ్మా అనింది. గొంతులో ఏడుపు లేదు, జొరం లేదు. ఇంకా ఇరవై రూములుండాయి నాకు. ఒకటి తగ్గిందిలే అని సంతోషంగా పోయినా. సంతోషంగా, మే! మర్నాడు తలుపు పగలగొట్టినారు. తన పానం తనే తీసుకుందంట. కడాన ఆ యమ్మతో మాట్లాడింది నువ్వేనా అని పోలీసులు అడిగినారు."

అప్పటినుంచి ఆ మాట ఆనందమ్మను వదల్లేదు. బస్సులో వినిపించేది. పొయ్యి ముందు వినిపించేది.

అమల కిందపడిన దుప్పటి తీసి తొట్టిలో వేసింది. కూతురు పవిత్రను ఇక్కడి బడిలో చేర్చి పది రోజులే అయింది, పని మానే దారి లేదు. పైగా ఆ గొంతును తలుచుకుంటే, అది పొమ్మంటున్నట్టు కూడా అనిపించలేదు.

"నువ్వు పైకి రా అక్కా. తోడు నేనుంటా."

ఆనందమ్మ కొంగు బిగించి మెట్లెక్కింది. పదకొండో నంబరు తలుపు తట్టింది.

"తరవాత రామ్మా."

"లేదు తల్లీ. నేను యాడికీ పోను. ఈడే ఉంటా" అంటూ ఆనందమ్మ గడప ముందే కూర్చుని తలుపుకు వీపు ఆనించింది. అమల పక్కన చేరింది. తిన్నావా తల్లీ, అని అడిగింది ఆనందమ్మ. ఏ ఊరు, ఎవరి బిడ్డవు, అని అడిగింది. జవాబు లేకపోతే తన పెనిమిటి తాగుడు సంగతి చెప్పుకొచ్చింది. చాలాసేపటికి, ఎవరో అటువైపు కూర్చుని ఆనుకున్నట్టు తలుపు కిర్రుమంది. ఆ తర్వాత ఏడుపు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చే ఏడుపు.

అమల సిలువ పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆనందమ్మ మాత్రం బిడ్డ వీపు నిమిరినట్టు ఆ చెక్కను నిమురుతూ, "ఏడువు తల్లీ, ఏడువు" అంటూనే ఉంది.

ఏడుపు ఆగిపోయాక అమల తాళం తీసింది. గదిలో ఎవరూ లేరు. తలుపు లోపలివైపు, నేలకు మూరెడు ఎత్తున, చెక్క తడిగా ఉంది. ఆనందమ్మ దాన్ని కొంగుతో తుడిచింది. ఇద్దరూ కలిసి గది కడిగారు.

ఆ తర్వాత పదకొండో నంబరులోంచి ఎవరూ పలకలేదు. ఆనందమ్మకు నెమ్మది దొరికిందనుకుంది అమల. నెల గడిచాక ఒకరోజు దుప్పటి పిండబోతూ ఆనందమ్మ ఆగిపోయింది.

"ఇప్పుడా మాట గూడా ఇనిపించదు మే. రిజిస్టరులో రాసిన పేరు ఆ యమ్మది కాదంట. ఆ పొద్దు తలుపుకాడ అన్నీ అడిగినా గదా, పేరు అడగలే. ఇంక ఏమని తలుచుకునేది ఆ యమ్మను?"

అమల దుప్పటి రెండో కొస అందుకుంది.