ఏది వచ్చింది?

"కూతురు చచ్చిపోయిందని పెడదామండీ," అన్నాడు ఫ్లాష్‌బ్యాక్.

మా క్రైమ్ సీరియల్ రాసేది ఇద్దరం. నేను, నా తర్వాత వీడు. ఏ పాత్ర ఏ వెధవ పని చేసినా దానికో చిన్ననాటి కారణాన్ని చెవి పట్టుకుని లాక్కొస్తాడు కాబట్టి ఆఫీసంతా వీణ్ని ఆ పేరుతోనే పిలుస్తుంది. ఆ పేరంటే వీడికి గర్వం కూడానూ.

"ఎవరి కూతురు?" అన్నాను.

"మన లాయరు కూతురండీ. పదేళ్ల క్రితం, ఇంట్లో వంటమనిషి ఏమరుపాటు వల్ల పోయింది. అందుకే వంటావిడ కేసులో నోరు విప్పలేదు."

"అంటే లోకంలో ఉన్న వంటమనుషులందరి మీదా పగబట్టాడా? పాముకైనా పగబట్టడానికి ఓ లెక్కుంటుందిరా!"

"జనానికి ఇట్టే అర్థమవుతుంది కదండీ," అని బోర్డు మీద రాసేశాడు. అప్పటికే అక్కడ లంచం, బెదిరింపు, పాత ప్రేమ ఉన్నాయి. వాటి కింద డైరెక్టరుగారు పొద్దున్న వచ్చి స్వహస్తాలతో రాసి వెళ్లిన "తలకి దెబ్బ" కూడా ఉంది. పొద్దున్నించి ఈ గదిలో కూర్చుని ఆ బోర్డు చూస్తుంటే నాకు నిజంగానే తలకి దెబ్బ తగిలినట్టుంది.

జరిగింది ఇది. మా సీరియల్లో నల్లకోటు అని ఒక లాయరున్నాడు. మంచివాడు, కాస్త మెత్తన, జనానికి ఇష్టుడు. ఒక ఇంట్లో నగలు పోయాయి. అడ్డొచ్చిన ముసలావిడని ఎవరో మెట్ల మీంచి తోసేశారు. నేరం వంటావిడ మీద పడింది, ఆవిడ తరఫున నల్లకోటు నిలబడ్డాడు. ఎదురింటి వాచ్‌మన్ బోనెక్కి, "ఆరింటికి వచ్చిందండి, అరగంటలో వెళ్లిపోయిందండి" అన్నాడు. కోర్టులో అందరూ వంటావిడే వచ్చిందనుకున్నారు. వాడు చెప్పింది ఆ ఇంటి ముందుకొచ్చిన వ్యాను సంగతి. మన భాషలో ఆడమనిషి వచ్చినా వచ్చిందే, వ్యాను వచ్చినా వచ్చిందే. ఆ అనుమానం నల్లకోటుకి ఒక్కడికే తట్టింది. కాగితం అంచున పెన్సిలుతో "ఏది?" అని రాసుకున్నాడు కూడా. తీరా జడ్జిగారు "మీరేమైనా అడుగుతారా?" అంటే లేచి, "ప్రశ్నలు లేవు" అని కూర్చున్నాడు. వంటావిడ జైలుకి పోయింది.

ఇక చూడండి, చూసేవాళ్లంతా గగ్గోలు. తెలిసి కూడా ఎందుకు అడగలేదు? ఎందుకు, ఎందుకు, ఎందుకు? ఛానల్ మేడమ్ పొద్దున్నే పిలిచి తేల్చి చెప్పింది. "నాలుగింటికల్లా కారణం నా టేబుల్ మీద ఉండాలి. లేకపోతే వాణ్ని లారీ కింద తోసేయండి." మా వృత్తిలో కొరుకుడుపడని పాత్రలన్నిటికీ చివరికి లారీయే దిక్కు.

నన్ను తినేస్తున్నది లారీ కాదు. ఆ సీను నేను కల్పించలేదు. మా అన్నయ్య జీవితంలోంచి ఎత్తుకొచ్చాను.

అన్నయ్య లాయరు. ఆ వంటావిడ నిజం, ఆ వాచ్‌మన్ నిజం, పెన్సిలుతో రాసుకున్న "ఏది?" కూడా నిజమే, ఆ ఫైలు నేను కళ్లారా చూశాను. తీర్పు వచ్చిన రోజు టీ కొట్టు దగ్గర ఆ వాచ్‌మనే అన్నయ్యతో, "నేను చెప్పింది వ్యాను గురించండీ. ఎవరూ అడగలేదు మరి" అన్నాడట. మరుసటేడు వాడు పోయాడు. వంటావిడకి ఏడేళ్ల శిక్ష పడింది, నాలుగేళ్లు గడిచాయి. ఆ తీర్పు తర్వాత అన్నయ్య కోర్టు గుమ్మం తొక్కలేదు, నోటరీ ముద్రలు వేసుకుంటూ కూర్చున్నాడు. ఇంట్లో ఎవరమూ కారణం అడగలేదు. నేనూ అడగలేదు, కానీ సీను మాత్రం రాసేశాను. నిజం కేసులు వాడబోమని ఛానల్‌కి సంతకం పెట్టిచ్చిన దాన్ని, తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని తెలిసీ రాసేశాను. ఎందుకంటే సీను బాగుంటుంది కనక.

రెండింటికి వదిన ఫోన్ చేసింది.

"అమ్మాయ్, నీ సీరియల్ మొదలైతే చాలు మీ అన్నయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉంటోంది."

"తిట్టడానికి చేశావా వదినా?"

"తిట్టే ఓపిక కూడా లేదు తల్లీ. ఆ వంటావిడకి కొత్త లాయరు దొరికింది, అప్పీలు వేశారు. మీ అన్నయ్య ఆ రోజు ఎందుకు అడగలేదో ఉన్నదున్నట్టు రాసి, సంతకం పెట్టి ఇస్తే కేసు మళ్లీ వింటారట. రాశారు. నెల దాటింది. సంతకం మాత్రం పెట్టరు. అడిగితే, ఇంకో మాట సరిచేయాలంటారు. ఈ రోజే ఆఖరు, ఐదింటికల్లా ఆ కాగితం కోర్టులో పడాలి. నువ్వొకసారి వెళ్లు. నీ మాటైతే వింటారు."

"నా మాట వినే మగాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు వదినా," అన్నాను కానీ, అప్పటికే సంచీ భుజానికి తగిలించుకున్నాను. నిజం చెప్పొద్దూ, నేను లేచింది వంటావిడ కోసం కాదు, కారణం కోసం. నాలుగింటికి మేడమ్ టేబుల్ మీద పెట్టాల్సింది ఉన్న ఒకే ఒక్క మనిషి దగ్గరికి పోతున్నాను.

అన్నయ్య గది కోర్టు వెనక వీధిలో ఉంటుంది. ఒక పక్క జిరాక్సు కొట్టు, ఇంకో పక్క ఫోటోల కొట్టు. గదిలో ఒక బల్ల, ఒక బెంచీ, మూత విరిగిన సిరా డబ్బా, వరసగా రబ్బరు ముద్రలు. తలుపు వెనక మేకుకి నల్లకోటు, మా సీరియల్‌ది కాదు, అసలుది, ప్లాస్టిక్ సంచీలో వేలాడుతోంది. నేను వెళ్లేసరికి ఎవరో ముసలాయన అద్దె కాగితానికి ముద్ర వేయించుకుంటున్నాడు. ఆయన కళ్లజోడు వెతుక్కుని, తుడుచుకుని, ప్రతి పేజీ లెక్కపెట్టుకుని లేచేసరికి నా ప్రాణం విసిగిపోయింది.

"రా," అన్నాడు అన్నయ్య. "తిన్నావా?"

"ఆ."

"సీరియల్ బాగుంది. పెన్సిలు కూడా వదల్లేదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకాన్ని కాదు నేను. అయినా ఆ మాటకి తల దించుకున్నాను. "చెప్పకుండా వాడుకున్నాను. తప్పే."

"తప్పే," అని సిరా డబ్బా మూశాడు. "ఇంతకీ మీవాడికి ఏం కారణం పెట్టారు?"

"కూతురు చచ్చిపోయిందంటున్నారు."

"నయం. నాకిద్దరూ కొడుకులే."

నాకు నవ్వు రాలేదు. "నువ్వెందుకు అడగలేదు అన్నయ్యా?"

"జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదని మా సీనియరు చెప్పేవారు."

"అది పుస్తకంలో మాట. వంటావిడే చేసిందనుకున్నావా?"

"ఛ."

"జడ్జిగారంటే భయమా?"

"ఆయన కునుకుతున్నాడు పాపం."

"మరి ఏం రోగం?" గట్టిగానే అరిచాను. పక్క జిరాక్సు కొట్టు అబ్బాయి తొంగి చూశాడు. "ఒక మనిషి చెయ్యని తప్పుకి నాలుగేళ్లుగా జైల్లో ఉంది. నువ్వేమో కాగితం రాసి సొరుగులో పెట్టుకుని ముద్రలేసుకుంటున్నావు! చేతులు కాలాయి సరే, ఆకులు చేతికిచ్చినా పట్టుకోవేం?"

అన్నయ్య సొరుగు లాగి కాగితం నా ముందుకు తోశాడు. ఒకటే పేజీ. పైనంతా కేసు నంబరు, తేదీ, ఎవరి తరఫున నిలబడ్డాడో ఆ వివరం. కింద ఇలా ఉంది: "సాక్షి మాటలో సందేహం ఉన్నదని నాకు తెలుసు. అడగవలసిన ప్రశ్నను కాగితంపై రాసుకున్నాను. ఆ సమయంలో కోర్టు హాలు తలుపు దగ్గర నుండి మాటిమాటికీ తొందరపెట్టింది. అందువల్ల ఆ ప్రశ్న అడగకుండానే కూర్చున్నాను."

పదకొండు వందల ఎపిసోడ్లకి మాటలు రాసినదాన్ని. నా కన్ను ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది.

"ఏది తొందరపెట్టింది?" అన్నాను. "ఆకలా? వానా? ఈ వాక్యానికి కర్త ఏడీ?"

అన్నయ్య ఒక రబ్బరు ముద్ర తీసి గుడ్డతో తుడవసాగాడు.

"వాచ్‌మన్ చేసిన పనే నువ్వూ చేశావు. జడ్జి అడగడూ, ఏది అని?"

"అడుగుతాడు. అందుకే సంతకం పెట్టలేదు," అన్నాడు. ముద్రని వరసలో పెట్టేస్తూ, "ఏమే, నీకు ఈ ఉద్యోగం వచ్చిన రోజు గుర్తుందా?" అన్నాడు.

గుర్తుండకేం? వాన. చేతిలో ఎర్ర ఫైలు. పన్నెండున్నరకి ఇంటర్వ్యూ. పన్నెండుకల్లా అయిపోతుంది, స్కూటరు మీద దింపేస్తానన్నాడు అన్నయ్య. పన్నెండయినా కోర్టు కదలదే! హాలు తలుపు దగ్గర నిలబడి ఒకసారి చెయ్యెత్తాను. ఇంకోసారి మణికట్టు మీద వేలితో కొట్టి చూపించాను. మూడోసారి రెండు చేతులూ జోడించి, ఏడుపు మొహం పెట్టి, పద పద అని సైగ చేశాను. అన్నయ్య నా వైపు చూశాడు. లేచి ఏదో అన్నాడు, కూర్చున్నాడు, కాగితాలు సర్దుకుని వచ్చేశాడు. ఛానల్ ఆఫీసు మెట్ల దగ్గర దిగేసరికి రెండు నిమిషాలుంది. ఆ రోజు బోనులో ఎవరున్నారో, అది ఏ కేసో నేను చూడనే లేదు. నా కళ్లన్నీ గోడ గడియారం మీదే ఉన్నాయి.

"అదేనా?" అన్నాను.

"నీ వల్ల కాదే. చూసింది నేను. ఆ బోనులోవాణ్ని చూడాల్సినవాణ్ని తలుపు వైపు చూశాను. 'ఏది?' అని ఒక్క ముక్క. అర నిమిషం పట్టేది. వాదనలో చూసుకుందాంలే, జడ్జిగారు గ్రహిస్తారులే అనుకున్నాను. అనుకుంటే సరిపోతుందా?"

"నాలుగేళ్లు! నాతో ఒక్క మాట అనలేదు!"

"అంటే ఏం చేసేదానివి? ఉద్యోగం మానేసేదానివా?"

నాకు కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. అన్నయ్య మీద కాసేపు, ఆ నాటి జడ్జి కునుకు మీద కాసేపు, చివరికి తిరిగి తిరిగి ఆ తలుపు దగ్గర ఎర్ర ఫైలు పట్టుకుని నిలబడ్డ పిల్ల మీదే వచ్చి వాలింది. దాని చెంప పగలగొట్టాలనిపించింది.

అప్పుడే ఫోన్ మోగింది. మేడమ్.

"దొరికిందా కారణం?"

"దొరికింది మేడమ్. తొందర."

"ఏం తొందర?"

"చెల్లెల్ని ఇంటర్వ్యూకి దింపాలి. పన్నెండున్నరకి."

అవతల పకపకా నవ్వు. "పొద్దున్నించీ బుర్ర వేడెక్కినట్టుంది మీకు. ఇంత చిన్నదానికి ఎవరైనా ఒక మనిషిని జైలుకి పంపిస్తారా అండీ? జనం టీవీలు పగలగొడతారు. మీ ఇంట్లో ఎవరో లాయరున్నారు కదా, ఆయన్నడిగి కాస్త పెద్ద కారణం తెండి."

"ఆయన దగ్గర ఇంతకంటే పెద్దది లేదట మేడమ్."

"అయితే ఆ కూతుర్నే చంపేయండి," అని పెట్టేసింది.

నేను ఫోన్ సంచీలో పడేసి బల్ల మీద కలం అందుకున్నాను. "మాటిమాటికీ" అన్న మాటకి ముందు చిన్న గీత గీసి, పైన "నా చెల్లెలు" అని రాశాను. పేజీ అడుగున సాక్షి అని రాసి నా సంతకం పెట్టాను. సిరా కొంచెం అలుక్కుపోయింది.

"ఏం చేశావే!" అన్నయ్య కాగితం లాక్కున్నాడు. "నిన్ను బోనెక్కిస్తారు. వంద అడుగుతారు. నీ సీరియల్లో ఈ కేసెలా వచ్చిందనీ అడుగుతారు."

"అడగనీ. పోతే పోయింది."

"ఏది?" అన్నాడు. అనేసి తనే ఉలిక్కిపడ్డాడు.

"ఉద్యోగం, అన్నయ్యా. నాకు ఆ రోజొచ్చిన ఉద్యోగం."

అన్నయ్య నా మొహం చూశాడు. తర్వాత కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, కాగితాన్ని కేసు నంబరు దగ్గర్నించి మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో మాట కింద వేలు పెట్టి, ఆగి ఆగి. నాలుగూ ఇరవై. తన కాగితానికి తను ముద్ర వేసుకోకూడదు కాబట్టి వీధి చివరున్న ఇంకో నోటరీ దగ్గరికి వెళ్లాలి, అక్కడ ఎంతమంది ఉంటారో తెలియదు, ఆ తర్వాత కోర్టు. లే లే అని నాలుక చివరిదాకా వచ్చింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుని, నోరు మూసుకున్నాను. చివరి మాట దాకా చదివాడు. అప్పుడు సంతకం పెట్టాడు.