దొడ్డి కాడి కట్టె

బాపు పడింది నా వల్లే. వణుకు రోగం ముదిరినప్పటి నుంచి గడప దగ్గరికి రాగానే ఆయన పాదాలు నేలకు అతుక్కుపోయేవి. ఆ పొద్దున ఆత్మకూరు పెళ్లికి పోయే ఆటో వచ్చి ఒకటే హారన్. "జల్ది నడువ్ బాపూ" అని చెయ్యి పట్టి గుంజాను. మనిషి వచ్చాడు, కాళ్లు రాలేదు. తుంటి ఎముక విరిగింది.

మహబూబ్‌నగర్ దవాఖానలో ఆపరేషన్ చేసి కొత్త తుంటి వేశారు. "మా పని అయిపోయింది. ఇక నడిపించుకోవాలె. మంచం పట్టిండంటే నిమ్ము చేరుతది, ఈ రోగమున్నోళ్లకు మరీ కష్టం" అన్నాడు డాక్టర్.

మూడో రోజు వ్యాయామం చేయించే అక్షిత మేడం వాకర్ ఇచ్చి నిలబెట్టింది. బాపు నిలబడ్డాడు, అంతే. మేడం నడవమంది, నర్సు నడవమంది, పక్క మంచం సాయిలు తాత కూడా నడవమన్నాడు. తలా ఒక మాట అనేసరికి ఇంకా బిగుసుకుపోయాడు. నాకు భయమేస్తే కోపమొస్తుంది.

"గింత మొండితనమేంది బాపూ?" అని అరిచాను.

"కాలు నా మాట ఇంటలేదు బిడ్డా," అన్నాడు మెల్లగా.

మూలన కూర్చున్న అమ్మ లేచింది. నలభై ఏళ్లు ఆయనతో గొర్లు కాసిన మనిషి. నేను వద్దన్నా వినకుండా తెచ్చిన బాపు కట్టెను మంచం కింది నుంచి తీసింది. ఆయన పాదాల ముందు అడ్డంగా పెట్టి, కదలకుండా రెండు చేతులా అదిమి కూర్చుంది. పొద్దున్నే గొర్లను దొడ్డి నుంచి విడిచేటప్పుడు బాపు ఇట్లాగే అడ్డం పెట్టేవాడు. ఒక్కొక్కటీ దుంకి దాటుతుంటే లెక్కపెట్టేవాడు.

"అమ్మా, పడతడు!" మేడం బాపు నడుము పట్టుకుంది.

"పడడు. ఏమయ్యా, పొద్దెక్కింది, మంద విడువవా? దాటు."

బాపు కట్టె వైపు చూశాడు. కుడికాలు లేచింది. దాటింది.

"లాభం," అంది అమ్మ. గొర్లనైనా గింజలనైనా మా ఇంట్లో ఒకటి అనరు, లాభంతోనే మొదలుపెడతారు. కట్టె ముందుకు జరిపింది. "రెండు." మళ్లీ జరిపింది. "మూడు."

వార్డు గుమ్మం దగ్గర బాపు ఆగిపోయాడు. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. చప్పున వెనక్కి తీసుకున్నాను. అమ్మ తొందరపడకుండా కట్టె సర్దింది.

"తొమ్మిది."

దాటేశాడు. నేను ఇవతలే నిలబడి ఏడుస్తున్నాను. బాపు మెడ తిప్పి చూశాడు.

"ఒకటి ఎన్కనే ఉన్నది," అన్నాడు అమ్మతో. "కట్టె జర గట్లనే పట్టు. రా బిడ్డా, దాటు."