వేలెడంత క్యారెట్లు

బడి వంటగదికి పెద్దదిక్కు ఆవిడే. రెండు వందల మంది పిల్లల్లో ఎవరు ఏది పారేస్తారో, ఎవరు ఏది పక్కవాడి ప్లేటులోకి తోసేస్తారో ఆవిడకి కంఠతా వచ్చు. క్యారెట్ ముక్కలు కోసి పెడితే ముట్టరు. వేలెడంతవి చేతికిస్తే కరకరా నమిలేస్తారు. ఈ సంగతి కనిపెట్టినందుకు ఆవిడకి కాస్త గర్వం కూడాను.

దగ్గరి రైతుల దగ్గరే కూరగాయలు కొనమని ప్రభుత్వం బడులకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టగానే, ఆవిడ నేరుగా అన్న ఇంటికి వెళ్ళి కూర్చుంది. అన్నకి అందరూ పెట్టిన పేరు నిదానం. గొడుగు కొనడానికి వెళ్ళి వానాకాలం అయిపోయాక తిరిగొచ్చే రకం. అలాంటి మనిషి చెల్లెలు అడిగితే మాత్రం ఇట్టే తలూపేస్తాడు.

"ఒత్తుగా చల్లు అన్నయ్యా. మొలిచాక పలచన చెయ్యకు. ఇరుకులో పెరిగితేనే సన్నగా ఉంటాయి."

"బజార్లో అలాంటివి ఎవరూ కొనరే."

"బజారుతో నీకేం పని? నేను లేనూ?"

రెండేళ్ళు బాగానే సాగింది. మూడో ఏడు అన్న పొలమంతా అవే చల్లాడు.

అప్పుడొచ్చింది ఉత్తరం. పథకం ఆపేశారట. ఎందుకో రాయలేదు, రాసే ఓపిక ఎవరికుంటుంది! ఆవిడ అన్నకి ఇవాళ చెబుదామనుకుంది, రేపనుకుంది. పైవాళ్ళు మనసు మార్చుకోకపోతారా అని ఆశ. ఆశ అని పేరే గానీ, అది ఒట్టి పిరికితనం. ఫోనొస్తే వదినతో జలుబుల గురించీ దగ్గుల గురించీ మాట్లాడి పెట్టేసేది.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం వంటగది వెనక తలుపు దగ్గర వ్యాను ఆగింది. అన్న పన్నెండు పెట్టెలు దించాడు. మట్టి లేకుండా కడిగి, ఆకులు కత్తిరించి, తలలన్నీ ఒకవైపు పెట్టి సర్దాడు. లోపల గోడవారన బయట కొన్న క్యారెట్ల డబ్బాలు పేర్చి ఉండటం అప్పుడు చూశాడు.

"ఆపేశారన్నయ్యా. ఇక కొనలేం."

అన్న చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "పోనీలే. ఊరికే తీసుకో. పిల్లలు తింటారుగా."

"బిల్లు లేని సరుకు లోపలికి రానివ్వరు. అదీ అడిగి చూశాను."

"ఎప్పుడడిగావు?"

"ఇందాకే" అనేస్తే పోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అన్న ముఖం చూస్తూ అనలేకపోయింది.

"మూడు వారాలైంది."

అన్న కోప్పడలేదు. రెండు తిట్టినా బావుండేది.

"అప్పటికింకా పుల్లల్లా ఉన్నాయి కదే," అన్నాడు మెల్లగా. "సగం పీకేసుంటే మిగతావి లావెక్కేవి. బజారుకైనా తోలుకునేవాణ్ణి."

పెట్టెలు తిరిగి ఎక్కించసాగాడు. ఆవిడ ఒకటి అందుకోబోతే, "నువ్వుండు, పొయ్యి మీద ఏదో మాడుతోంది," అన్నాడు. నిజంగానే మాడుతోంది. ఆవిడ కదల్లేదు.

ఆవిడకి ఊహ తెలిశాక అన్న ఎన్నడూ "వెళ్ళొస్తానమ్మా" అనకుండా ఆవిడ గుమ్మం దిగి ఎరగడు. వ్యాను సందు మలుపు తిరిగేదాకా ఆవిడ తలుపు పట్టుకుని నిలబడింది, ఆ ఒక్క మాట కోసం.