మంచం సామాను

మా నాన్న నలభై ఏళ్ళు తరిమెన మీద చెక్క తిప్పుతూ మంచం కోళ్ళు చేశాడు. బడిలో "మీ నాన్న ఏం చేస్తాడు?" అని అడిగితే "కోళ్ళు చేస్తాడు" అనేదాన్ని. "మరి గుడ్లు పెడతాయా?" అని పక్క బెంచీవాళ్ళు పడీపడీ నవ్వేవారు. నాకు కోపం ముక్కు మీద ఉండటం అప్పుడే మొదలైంది.

ఇప్పుడు తరిమెన అనే మాట పోయి లేత్ వచ్చింది. అది నాది. నాన్నకు చూపు పోయి మూడేళ్ళయింది. రోజూ పనిగదిలోకి వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు గానీ పనిముట్టు మీద చెయ్యి వేయడు. మధ్యాహ్నపు ఎండలో చెక్కపొడి తేలుతూ వచ్చి ఆయన భుజాల మీద వాలుతుంది. దులుపుకోడు. ఒక్కోసారి అలా చూస్తూ నేనే పని ఆపేస్తాను.

రెండు నెలల కిందట అమ్మ మంచానికి చెదలు పట్టాయి. నాన్న తన పెళ్ళికి తనే చేసుకున్న మంచం అది. అమ్మ పోయాక కూడా దాని మీదే పడుకునేవాడు. మూడు కోళ్ళు వేలితో నొక్కితే పొడైపోయాయి. నాలుగోది మాత్రం రాయిలా ఉంది.

"దాన్ని గుల్ల చెయ్యవే. సన్నటి మూతితో, కూజాలాగా" అన్నాడు నాన్న.

"అందులో ఏం పెడతావు?"

"ఏమీ పెట్టను. మీ అమ్మ పొద్దున్నే మంచం మీదే కూర్చుని కలలు చెప్పేది, గుర్తుందా? కాళ్ళు కింద పెడితే మర్చిపోతానని పైకెత్తి పట్టుకుని మరీ చెప్పేది. అవన్నీ ఎక్కడికి పోతాయి? కోళ్ళలోకే దిగి ఉంటాయి."

ఇలాంటి మాటలు నాన్న మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అంటాడు. సరేనన్నాను. కానీ లోపల భయం పట్టుకుంది. బయటి పని కంటికి కనిపిస్తుంది. గుల్ల చేయడం అలా కాదు. బొటనవేలు పట్టేంత మూతిలోంచి పనిముట్టు దూర్చి, గిర్రున తిరిగే చెక్క లోపలి గోడను చెక్కాలి. గోడ ఎంత మందం మిగిలిందో కనబడదు. వేరే చెక్కల మీద మూడుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లూ చిల్లు పడింది. కోడు ఒక్కటే ఉంది. దానికీ చిల్లు పడితే అమ్మ మంచంలో ఇక మిగిలేదేమీ లేదు.

అందుకే దుకాణం నుంచి కేటలాగ్ తెప్పించి నాన్నకు చదివి వినిపించాను. మొదటిది మోచేతిలా మడతపడే ఇనుప చెయ్యి. దాని మీద ఎర్రటి చుక్క వెలుగు ఉంటుంది. మొన లోపల ఎక్కడుందో ఆ చుక్క బయట చూపిస్తుంది. చెక్క అంచు దాటి చుక్క జారిపోయిందంటే గోడ పలచబడిందని అర్థం. రెండోది రెండు కమ్మీల మధ్య బిగించిన కడ్డీ. మూడోది ఉత్త పొడవాటి కడ్డీ, చంకలో ఇరికించుకుని చేత్తోనే నడపాలి.

"గుల్ల చెయ్యడానికి ఇన్ని యంత్రాలా? చెదలు ఊరికే చేసిపెట్టాయి కదే!"

"ఇవి ఇల్లు కూడా గుల్ల చేస్తాయి నాన్నా."

ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. లేత్ బెడ్ మీద బిగించే సామాను పేజీకి వచ్చేసరికి నాన్న కునుకు తీస్తున్నాడు. అక్కడే వచ్చింది తంటా. లేత్ అడుగున ఉండే ఆ పొడవాటి దిమ్మెను నాన్న జీవితమంతా బల్ల అన్నాడు. బెడ్ అంటే ఆయనకు తెలిసింది ఒక్కటే.

నా మనసు ఎర్ర చుక్క మీదే ఉంది. కానీ దానికి బెడ్ పొడిగించాలట. మా బెడ్ చివరకూ గోడకూ మధ్య జానెడు చోటు. "గోడ పడగొట్టేస్తారా అక్కా?" అన్నాడు దుకాణం అతను ఫోన్లో. ఉత్త కడ్డీయే పంపమన్నాను. దానితోపాటు ఒక స్టెడీ. ఉంగరంలాంటి చట్రం, దానికి మూడు చిన్న చక్రాలు. తిరిగే చెక్కను నడుం దగ్గర పట్టుకుని వణకనివ్వదు. బెడ్‌కు తగ్గ కొలత కావాలి కాబట్టి మర్నాడు ఫోన్ చేసి అడుగుతానన్నాడు.

చేశాడు. నేను స్నానంలో ఉన్నాను. ఫోన్ నాన్న ఎత్తాడు.

"బెడ్ ఎత్తెంతండీ?"

"అడుగున్నర."

"పొడవు?"

"ఆరడుగుల రెండంగుళాలు."

"మధ్యలో ఖాళీ ఎంతుంటుంది?"

"ఖాళీ ఎక్కడిది బాబూ, నవారు బిగించి అల్లాను. కోళ్ళు నాలుగు. ఇప్పుడు ఒక్కటే ఉందనుకో."

పెద్దాయన అనుభవం ఉన్న మనిషి, తనకు తెలియని రకం లేత్ అయి ఉంటుందని అతను బుద్ధిగా రాసుకున్నాడు. లేని మంచానికి నాన్న తప్పు లేకుండా కొలతలు చెప్పాడు.

పెట్టె వచ్చింది. కడ్డీ బాగానే ఉంది. స్టెడీని బెడ్ మీద పెడితే తాడిచెట్టులా నిలబడింది. చక్రాలు ఎక్కడో, చెక్క ఎక్కడో. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కళ్ళు కనబడనప్పుడు ఓ మూల కూర్చోవచ్చు కదా! ఫోనెందుకు ఎత్తావు?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. నాన్న లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. రెండు రోజులు పనిగదిలోకి రాలేదు. చెక్కపొడి ఖాళీ కుర్చీ మీద వాలింది. నాకు అన్నం సయించలేదు. క్షమించమని అడగడం మా వంశంలోనే లేదు.

మూడో రోజు వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"కోడు వణుకుతోంది నాన్నా. పట్టుకునేవాళ్ళు లేరు."

చేతికర్ర తడిమి అందుకున్నాడు. "తోలుముక్క ఉందా?" అన్నాడు.

తరిమెన మీద సన్నటి కర్రలు చెక్కేటప్పుడు వెనక అరచెయ్యి ఆనించడం ఆయనకు అలవాటే. లేత్ అవతల నిలబడి, అరచేతిలో తోలు పెట్టుకుని కోడు వీపున ఆనించాడు. "తిప్పు. నెమ్మదిగా."

తిప్పాను. కడ్డీ మూతిలోకి దూరింది. పొట్టు సన్నగా బయటికి రాలుతోంది. పాత చెక్క లోపల ఇంకా పచ్చి వాసన ఉంది. నేను కళ్ళు పొడుచుకుని మూతిలోకి చూస్తున్నాను.

"కళ్ళు మూసుకోవే. లోపల నీకూ చీకటే, నాకూ చీకటే."

ఎలా తెలిసిందో ఏమో. మూసుకున్నాను.

"అక్కడింకా మొద్దుగా ఉంది, పో... ఇక్కడ వేడెక్కింది, పైకి రా."

గోడ పలచబడినచోట చెక్క వేడెక్కి ఆయన చేతికి చెబుతోంది, ఆయన నాకు చెబుతున్నాడు. చప్పుడు దూరంగా వెళ్ళిపోయింది. నేను ఆ కోడులోకి మెల్లగా మెట్లు దిగుతున్నట్టుంది. అక్కడ అమ్మ మంచం మీద కాళ్ళెత్తి కూర్చుని చెబుతోంది. వీధంతా నీళ్ళట, చేపలు గొడుగులు వేసుకుని ఆఫీసుకు పోతున్నాయట, వాటిలో ఒకదానికి మా నాన్న నడకట. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఆపు" అన్నాడు నాన్న.

ఆపాను. చిల్లు లేదు. గోడ అట్టముక్కంత పలచన. గోటితో కొడితే మోగింది. నాన్న మూతిని చెవికి ఆనించుకున్నాడు.

"ఏమంటోంది?"

"ఇంకా కాళ్ళు కింద పెట్టలేదు" అన్నాడు.

మర్నాడు దుకాణం అతను ఫోన్ చేస్తే జరిగింది చెప్పాను. "ఆ స్టెడీ వెనక్కి పంపెయ్యండక్కా. సరైన కొలతది పంపనా? పెద్దాయన పట్టుకుంటున్నారంటున్నారు, ఇంకెందుకులే అంటారా?"

కిటికీ వైపు చూశాను. నాన్న ఒళ్ళో కూజా ఉంది. తోలు ఉన్నా అరచెయ్యి కందిపోయింది. ఆయనకు ఎనభై మూడు. నేను గొంతు తగ్గించి బెడ్ కొలతలు ఒక్కొక్కటే చెప్పాను.

ఆ పెట్టె వచ్చాక విప్పకుండా నాన్న కొత్త మంచం కిందికి తోసేశాను. రెండు రోజుల తర్వాత ఆయన చేతికర్ర దానికి తగిలింది.

"ఏమిటే ఇది?"

"మంచం సామాను."

కర్రతో దాన్ని రెండుసార్లు తట్టాడు. ఇనుము చప్పుడు ఎవరికి తెలియదు? నలభై ఏళ్ళు లేత్ దగ్గర నిలబడ్డ మనిషికి ఇంకా బాగా తెలుసు.

"ఉండనీ. తొందరపడి విప్పకు."

"విప్పను నాన్నా" అన్నాను.

పెట్టె ఇప్పటికీ అక్కడే ఉంది. రోజూ ఆ గది ఊడుస్తాను. దాని మీది దుమ్ము మాత్రం దులపను.