ఢిల్లీశ్వరరావు చొక్కా జేబులో

నేను ఒక డ్రైవింగ్ లైసెన్సును. పేరులోనే సెన్సు ఉన్నదాన్ని. నన్ను మోసేవాడికి కూడా అది ఉండాలన్న రూలు లేదని ఆలస్యంగా తెలుసుకున్నాను.

రవాణా ఆఫీసు యంత్రంలోంచి పెనం మీది అట్టులా వేడివేడిగా పడ్డాను. ఫోటోలో మా యజమాని ఢిల్లీశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు. పేరుకే ఢిల్లీ, పలాస దాటింది తక్కువ. రోజూ పొద్దున్నే పల్లెలు తిరిగి, జీడిపిక్కలు కొట్టే ఇరవై రెండు మంది ఆడవాళ్ళను బస్సులో కార్ఖానాకు చేర్చడం అతని పని. చొక్కా జేబులో కూర్చుని అన్నీ వినడం నా పని.

సారా వాసన తగిలితే ముక్కు మూసుకునే మనిషి. అయితే నడుం నొప్పి పట్టుకుంది. లారీ డ్రైవర్లు ఒక శాస్త్రం చెప్పారు: మందైతే పోలీసులు ఊదించే గొట్టం పట్టేస్తుంది, గంజాయిని గొట్టం గుర్తుపట్టదు. గొట్టానికి తెలియనిది ఒంటికీ తెలియదనుకున్నాడు పాపం. దమ్ము లాగితే నొప్పి పోయింది. నొప్పితో పాటు ఏది దూరమో, ఏది దగ్గరో కూడా పోయింది.

ఆ ఉదయం రైల్వే గేటు పడుతోంది.

"తమ్ముడా, గేటేసేత్తన్నారు, ఆపు" అంది వెనక సీటు దాలమ్మ.

"ఇంకా సేనా దూరముందప్పా."

దూరం లేదు. బ్రేకు తొక్కేసరికి బస్సు రోడ్డు దిగి మురుగుగుంటలో ఒరిగింది. పక్కనుంచి రైలు వెళ్ళిపోయింది. దాలమ్మ కుడి చెయ్యి విరిగింది. జీడిపిక్క కొట్టే చెయ్యి.

ఎస్సై గొట్టం అందించగానే ఢిల్లీ ఛాతీ విరిచి ఊదాడు. సున్నా.

"మావోడు తాగడండీ" అన్నారు ఆడవాళ్ళు.

"తాగలేదమ్మా, నేనూ చూశాను. ఏదీ, నోరు తెరువు" అని ఎస్సై నాలుక కింద, ఉమ్మిలో మత్తుమందును పట్టే చిన్న పుల్ల పెట్టాడు. ఊదేటప్పుడున్న ఉత్సాహం ఉమ్మి దగ్గర లేదు. తర్వాత ఆసుపత్రిలో రక్తం తీశారు. చట్టానికి మద్యమైనా మత్తుమందైనా పంక్తి ఒకటే: మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలో, పదివేల దాకా జరిమానానో, రెండూనో. గంజాయి తాగినందుకు ఇంకో కేసు, దాలమ్మ చెయ్యికి మరొకటి. నన్ను ఫైల్లో పిన్ను గుచ్చి పడేశారు.

కోర్టు వరండాలో కానిస్టేబుల్ చంకలోని ఫైల్లోంచి విన్నాను.

"అప్పా, గేదె అడ్డొచ్చిందని సెప్పు. లైసెన్సు పోతే నాకు బతుకు నేదు."

దాలమ్మ కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో సర్దుకుంది. "సెప్తాను. నీ పిల్లల మొకం సూసి గేదనే సెప్తాను. గానీ రేపు నువ్వు బస్సు తెత్తే నానెక్కను. మా కోడల్నీ ఎక్కనివ్వను."

పిలుపు వచ్చింది. లోపల ఢిల్లీ చేతులు కట్టుకున్నాడు.

"గేదె ఏటీ రానేదు బాబూ. నానే గంజాయి లాగి నడిపినాను."

నెల రోజుల జైలు, జరిమానా. నాకు ఏడాది సస్పెన్షన్, రవాణా ఆఫీసు బీరువాలో. అక్కడ నాలాంటివాళ్ళం చాలామందిమి. బయట మా యజమానులు తూలినా, లోపల మేం వరసగానే ఉంటాం.

ఏడాది నిండాక ఢిల్లీ వచ్చాడు. జైలు నుంచి వచ్చినప్పటి నుంచీ కార్ఖానాలో బస్తాలు సర్దే పని చేస్తున్నాడట. గుమాస్తా నన్ను తీసి బల్ల మీద పెట్టాడు. ఢిల్లీ వేలితో నన్ను ఒకసారి తాకి, వెనక్కి నెట్టాడు.

"ఇంకో రెండు నెలలు మీకాడే ఉంచండి బాబూ. గంజాయి మానిపించే ఆసుపత్రోళ్ళు ఇంకా రమ్మంటన్నారు. మద్దిలో ఓపాలి జారిపోనాను. ఇది జేబులో ఉంటే బస్సు తాళాలు అడగబుద్ధేస్తాది."

"ఇదేటయ్యా, సామాన్ల కొట్టా?" అన్నాడు గుమాస్తా. అంటూనే ఏదో రాసుకుని నన్ను మళ్ళీ బీరువాలో పెట్టాడు.

తలుపు సందులోంచి చూశాను. నడుం పట్టుకుని, మెల్లగా, రోడ్డుకు ఓ పక్కన నడిచి వెళ్ళిపోయాడు.